చిరుగు లేనిచోట మాసిక ఏల?

చీనాభాషలో 'బు' అని ఒక మాట ఉన్నది. చలికాలంలో ఒంటికి పుష్టినిచ్చే ఆహారం తీసికొనడాన్ని వారు ఆ మాటతోనే చెప్పుకొంటారు. మనవాళ్ళు దానిని 'బలవర్ధకం' అని అనువదించి ఊరుకొంటున్నారు. కాని ఆ మాటను వ్రాసే అక్షరంలో ఎడమవైపున ఉన్న భాగం వస్త్రానికి గుర్తు. క్రీ.శ. 100 ప్రాంతంలో సంకలితమైన షువోవెన్ అనే వారి ప్రాచీన నిఘంటువు ఈ మాటకు బట్టను సరిచేసి పూర్తిగా చేయుట అనే అర్థం చెప్పింది. అనగా మన తెలుగులో మాసిక వేయుట. బలమిచ్చుట అనేది ఆ తరువాత వచ్చి చేరిన అర్థం.

జీవితమంతా పిల్లలకు పదాల వ్యుత్పత్తులు చెప్పి బ్రదికినవాణ్ణి గనుక ఈ మాట నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. మాసిక వేయాలంటే ముందు చిరుగు ఉండాలి గదా! చిరుగు ఎక్కడున్నదో చూడాలి, ఎంతున్నదో కొలవాలి, ఆ బట్టకు సరిపడే గుడ్డ వెదకాలి. చిరుగు లేని కొత్త బట్టకు పట్టుగుడ్డతో మాసిక వేసినా అది వికారమే. చలికాలపు ఆహారం విషయంలో చీనా వైద్యం చెప్పిన సారమంతా ఈ ఒక్క మాటలో ఉన్నదని నా అభిప్రాయం. ఆ వైద్యం పేరు చెప్పి నేడు సాగుతున్న వ్యాపారం ఈ మాటనే మరచినదని కూడా నా అభిప్రాయం. ఈ రెండింటినీ విడదీసి చూపడమే ఈ వ్యాస ప్రయోజనం.

ముందు శాస్త్రం ఏమన్నదో చూద్దాం. చీనా వైద్యానికి మూలగ్రంథం 'హువాంగ్‌ది నైజింగ్'. సుమారు రెండువేల ఏండ్ల క్రిందట రూపుదిద్దుకొన్న సంకలనం అది. అందులో నాలుగు ఋతువులలో మనిషి ఎట్లా మెలగాలో చెప్పే అధ్యాయం ఒకటి ఉన్నది. హేమంతాన్ని ఆ గ్రంథం మూసి దాచుకొనే కాలమని వర్ణిస్తుంది. నీరు గడ్డకట్టి, నేల బీటలువారే ఆ మూడు నెలలు ప్రాణి తన లోపలి వేడిమిని కదిలింపరాదు. పెందలకడ పడుకోవాలి, ఆలస్యంగా లేవాలి, సూర్యుడు వచ్చినదాక పడక దిగరాదు. చలికి దూరంగా, వెచ్చదనానికి దగ్గరగా ఉండాలి, కాని చెమటపట్టేంతగా శ్రమపడరాదు. మనస్సును కూడా ఏదో రహస్యం దాచుకొన్నట్లుగా లోపలికి మరల్చుకోవాలి.

చదువరులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంతసేపూ ఆహారం మాట రానే లేదు! నిద్ర, వెచ్చదనం, విశ్రాంతి, చిత్తశాంతి ఇవే ముందు. ఖర్చులేని ఈ నాలుగింటినీ వదలిపెట్టి, అర్ధరాత్రి దాక దూరదర్శిని ముందు కూర్చొని, తెల్లవారి చీనా మూలికల లేహ్యం నాకితే దానిని ఆ శాస్త్రం ఒప్పుకోదు.

తెల్లవారుజామున లేచి చన్నీళ్ళ స్నానం చేసే మన ధనుర్మాస నియమానికి ఇది పూర్తిగా ఎదురని కొందరికి తోచవచ్చును. ఎదురే. పసుపునది పరీవాహక ప్రాంతంలో హేమంతమంటే నీరు గడ్డకట్టే చలి. గోదావరి తీరంలో హేమంతమంటే ఒక దుప్పటి. ఊరు మారితే నియమం మారుతుంది. ఈ మాట ఆ వైద్యులే చెప్పారు. కాలాన్ని, స్థలాన్ని, వ్యక్తిని మూడింటినీ చూసి వైద్యం చేయాలన్నది వారి సిద్ధాంతం.

ఆహారం విషయానికి వస్తే, పదార్థాలకు వారు చెప్పే గుణాలు మనకు క్రొత్తవి కావు. శీతలం, చల్లన, సమం, వెచ్చన, ఉష్ణం అని స్వభావాలు. పులుపు, చేదు, తీపి, కారం, ఉప్పు అని రుచులు. మన ఆయుర్వేదం వగరును కూడా చేర్చి షడ్రసాలన్నది. మామిడిపండు ఎక్కువ తిని నోరు పొక్కితే మన ఇంట్లో 'వేడి చేసింది' అంటాం. సరిగా ఇట్లాంటి సందర్భంలోనే చీనీయులు 'షాంగ్ హువో' అంటారు, అగ్ని పైకెక్కిందని దాని అర్థం. మన అమ్మమ్మ మాటను వాళ్ళ అమ్మమ్మకు అర్థం చేయించడానికి దుబాసీతో పని లేదు.

అయితే కారణాలు చెప్పడంలో తేడా ఉన్నది. చరకుడు హేమంతంలో జఠరాగ్ని ప్రబలంగా ఉంటుందనీ, దానికి తగిన గురువైన, స్నిగ్ధమైన ఆహారం ఇంధనంగా ఇవ్వకపోతే అది దేహంలోని రసధాతువునే హరిస్తుందనీ చెప్పాడు. చీనీయులు ఇది దాచుకొనే కాలం గనుక ఇప్పుడు దాచినది వసంతంలో అక్కరకు వస్తుందంటారు. ఒకరు పొయ్యిని చూశారు, ఒకరు గాదెను చూశారు. ఇద్దరూ చేరినది మాత్రం ఒక్క చోటికే: చలికాలం పుష్టికరమైన భోజనానికి తగిన కాలం.

రెండు దేశాల మధ్య రాకపోకలూ ఉండేవి. క్రీ.శ. 682లో మరణించిన సున్ సిమియావ్ అనే మహావైద్యుడు తన గ్రంథంలో మన జీవకుని పేరు చెప్పి, లోకంలో మందు కాని వస్తువు లేదన్న భావాన్ని ఉదాహరించాడు. తక్షశిలలో గురువు మందుకు పనికిరాని మొక్కను వెదకి తెమ్మంటే, జీవకుడు ఎంత తిరిగినా ఒక్కటీ దొరకక వట్టి చేతులతో వచ్చిన కథ మనకు తెలిసినదే. అదే శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఇత్సింగ్, ఇక్కడి వైద్యం ఎనిమిది అంగాలు కలదనీ, జబ్బు చేయగానే ముందు ఉపవాసం చేయిస్తారనీ వ్రాసుకొన్నాడు. లంఘనం పరమౌషధమన్న మన మాట ఆ బౌద్ధ యాత్రికునికి కూడా నచ్చింది.

ఆ సున్ సిమియావ్ చెప్పిన క్రమం మరొకటి ఉన్నది. వైద్యుడు మొదట రోగమూలం కనిపెట్టాలి, తరువాత ఆహారంతో నయం చేయాలి, ఆహారంతో కాకపోతేనే మందు జోలికి పోవాలి. మందుతో వచ్చే పుష్టి కంటె తిండితో వచ్చే పుష్టి మేలని నేటికీ అక్కడ సామెత. నైజింగ్ గ్రంథంలో కూడా ధాన్యాలు పోషణకు, పండ్లు సాయానికి, మాంసం వృద్ధికి, కూరలు నిండుదనానికి అని విభజన ఉన్నది. పోషణ అన్న పెద్దపీట ధాన్యానికే దక్కింది. మంగోలు ప్రభువుల కొలువులో పథ్యవైద్యుడైన హు సిహుయి 1330లో వ్రాసిన గ్రంథం నిండా గొఱ్ఱెమాంసపు వంటలే ఉంటాయి గాని, చలికాలానికి తగిన ధాన్యమేదని చెప్పవలసి వచ్చినపుడు ఉష్ణస్వభావం గల ఒక చిరుధాన్యాన్నే ఆయన పేర్కొన్నాడు.

ఇక వంటలు. నవంబరు 7 ప్రాంతంలో వారి పంచాంగం ప్రకారం హేమంతం మొదలవుతుంది. డిసెంబరు 21, 22 తేదీలలో 'దోంగ్‌జ్' అనే ఆయనాంత పర్వదినం. ఉత్తరాదివారు ఆ రోజున పిండిలో మాంసమో, కూరో పొదిగి ఉడికించిన 'జియావ్‌జ్' తింటారు. దక్షిణాదిలో బియ్యపుపిండితో ఉండలు చేసి తీపి పానకంలో వేసుకొంటారు, మన పాలతాలికల చుట్టాలన్న మాట. జియావ్‌జ్ పుట్టుకకు ఒక ఐతిహ్యం చెబుతారు. క్రీ.శ. 2వ శతాబ్దిలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు, చలికి చెవులు కొరికిపోయిన బీదలను చూచి, గొఱ్ఱెమాంసమూ మిరపకాయలూ మూలికలూ కలిపి ఉడికించి, చెవి ఆకారంలో పిండి మడిచి పెట్టాడట. కథ మంచిదే. కాని అమెరికా ఖండపు మిరపకాయ చీనాలో అడుగుపెట్టినది 16వ శతాబ్దిలో. కావున ఆ మిరపకాయ తరువాతి కథకుల చేతి చలువ!

ఆ వైద్యుని పేర నిలిచిన గ్రంథంలో మాత్రం గొఱ్ఱెమాంసపు కషాయం నిజంగానే ఉన్నది. మాంసం 16 పాళ్ళు, అల్లం 5 పాళ్ళు, మన సోంపు, కొత్తిమీరల కుటుంబానికి చెందిన 'దాంగ్‌గుయి' వేరు 3 పాళ్ళు. ఎనిమిది మానికల నీరు మూడు మానికలకు దిగేదాక కాచి వెచ్చగా త్రాగాలి. ఎవరికి? బాలెంతలకు వచ్చే కడుపునొప్పికి, చలివల్ల పొట్టలో కలిగే నొప్పికి. చలి ఎక్కువైతే అల్లం పెంచమని కూడా చెప్పాడు. చిరుగు ఎక్కడ, గుడ్డ ఎంత అనే లెక్క ఇందులో స్పష్టంగా ఉన్నది. నేడు అదే కషాయాన్ని చలికాలంలో ఎవరైనా తినవచ్చునని ప్రచారం చేస్తున్నారు.

స్థలభేదాన్ని వంటింటివారు వైద్యుల కంటె బాగా పాటించారు. ఉత్తరాన గొఱ్ఱెమాంసం ఘాటుగా వండుకొంటే, ఉక్కపోతల దేశమైన గ్వాంగ్‌దోంగ్‌లో దాని వేడిని తగ్గించడానికి చెఱకుముక్కలూ, నీటిలో పెరిగే ఒక తియ్యని దుంపా చేర్చి వండుతారు. ఇక అందరికీ అందుబాటులో ఉండేది ముల్లంగి. చలికాలంలో ముల్లంగి, వేసవిలో అల్లం తినమని వారి సామెత. చూడడానికి తలక్రిందుల మాట. చలిలో వేడి చేసే అల్లం గదా తినాలి? వారి సమాధానమేమనగా, చలికాలంలో బరువైన తిండి తిని కదలక కూర్చుంటాము గనుక, జీర్ణానికి తోడ్పడే ముల్లంగి కావాలి. పుష్టికరమైన భోజనం ప్రక్కనే దాని భారాన్ని తగ్గించేదీ ఉండాలని సామాన్యులకు తెలుసు. దీనికి ఖరీదైన వేరు ఏదీ అక్కరలేదు.

వారి పండ్రెండవ చాంద్రమాసం ఎనిమిదవనాడు 'లాబా' గంజి కాస్తారు. బియ్యం, చిరుధాన్యాలు, రకరకాల చిక్కుడు గింజలు, తామరగింజలు, రేగుజాతి ఎండుపండ్లు, పల్లీలు, ఇంట్లో ఏముంటే అవి కలిపిన గంజి. ఆలయాలలో జనానికి పంచిపెడతారు. బౌద్ధులు దీనిని సిద్ధార్థుని బోధిప్రాప్తితో ముడిపెడతారు. కఠోర ఉపవాసాలతో చిక్కి శల్యమైన ఆ తపస్వికి సుజాత పాయసమిచ్చిన ఘట్టం దీని వెనుక ఉన్నది. ఎండిన దేహానికి అన్నం పెట్టడం! 'బు' అనే మాటకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానం నాకు కనబడదు. నిజమైన చిరుగుకు వేసిన నిజమైన మాసిక అది.

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. నేడు మనలో చిరుగు ఎవరికున్నది? ఏడాదంతా ముతకగింజలు తిని, పొలంలో రెక్కలు ముక్కలు చేసుకొని, మాంసమో నెయ్యో ఏ పండుగకో చూచే రైతుకు చలికాలపు నాలుగు వారాల పుష్టికరమైన భోజనం అమృతం. మూడుపూటలా తిని, కదలక కూర్చొని, చక్కెరవ్యాధికీ రక్తపుపోటుకూ మాత్రలు మింగే మాబోటి విశ్రాంత ఉద్యోగికి ఆ భోజనమే భారం. శాస్త్రం చెప్పినవారికి ఈ భేదం తెలుసు. షాంఘై ప్రాంతంలో 'గావ్‌ఫాంగ్' అనే లేహ్యాన్ని ఆయనాంతం నుంచి సుమారు యాభై రోజులు తినే ఆచారం ఉన్నది. మన చ్యవనప్రాశకు అన్నదమ్ము. దానిని మొదలుపెట్టేముందు 'దారి తెరిచే' మందు అని కొన్నాళ్ళు వేరే కషాయం ఇచ్చి, జీర్ణశక్తి చక్కబడినదో లేదో చూస్తారు. అరుగుదల లేనివానికి పుష్టి ఇస్తే అది ఒంట బట్టదని వారి నమ్మకం. అంగడిలో సీసా కొనేవానికి ఈ దారి తెరిచే వైద్యుడెవడు?

పుష్టిమందుల పిచ్చి నేటిది కాదు. 18వ శతాబ్దిలో షు దాచున్ అనే వైద్యుడు జిన్‌సెంగ్ వేరు మీద ఒక వ్యాసమే వ్రాశాడు. ఖరీదైన మందు గనుక మంచి మందే అయి ఉంటుందని ధనికులు భ్రమపడుతున్నారనీ, దానిని వాడి రోగి చనిపోయినా చేయవలసినదంతా చేశామని తృప్తిపడుతున్నారనీ, ఆ ఖర్చుతో సంసారాలు కూలిపోతున్నాయనీ ఆయన వాపోయాడు. జిన్‌సెంగ్ మనిషిని చంపినా దానికి తప్పు అంటదు, విరేచనకారియైన రేవల్చిన్ని ప్రాణం నిలిపినా దానికి పేరు రాదు అని చీనాలో ఒక నానుడి. ఏ దేశపు వైద్యానికైనా వర్తించే మాట ఇది. ఆ వైద్యం లోపలినుంచే పుట్టిన ఈ విమర్శను, దానిని అమ్ముకొనేవారు ఎన్నడూ ఉదాహరింపరు.

ప్రకృతిసిద్ధమైనది గనుక హాని లేదనే మాటను చలికాలమే ఏటేటా అబద్ధం చేస్తున్నది. యునాన్ రాష్ట్రంలో కొందరు మన వసనాభి జాతి దుంపను మాంసంతో కలిపి చలికాలపు బలానికి వండుకొంటారు. గంటల తరబడి ఉడికితేనే అందులోని విషం తగ్గుతుంది. తగినంత ఉడకక ప్రాణాలు పోయిన సంఘటనలు అక్కడ మరలమరల జరిగాయి. పైన చెప్పిన దాంగ్‌గుయి వేరు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్రతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జిన్‌సెంగ్ ఆ మాత్ర పనిని తగ్గించవచ్చును. హిమాలయ ప్రాంతంలో దొరికే 'చలికాలపు పురుగు, వేసవి గడ్డి' అనే శిలీంధ్రం ఒకప్పుడు బంగారంతో పోటీపడే ధర పలికింది. దానితో చేసిన పొడులలో, మాత్రలలో ఆర్సెనిక్ పరిమితిని మించి ఉన్నదని 2016లో చీనా ఔషధ నియంత్రణ సంస్థయే హెచ్చరించింది.

మరొక అపోహ. హేమంతానికి సంబంధించిన అవయవం 'మూత్రపిండం', రంగు నలుపు అని వారి పంచభూత సిద్ధాంతం. అందుచేత నల్లనువ్వులు, నల్లచిక్కుళ్ళు మూత్రపిండాలకు మంచివని ప్రచారం. ఆ శాస్త్రంలో మూత్రపిండమనేది పుట్టుక, ఎదుగుదల, ముసలితనం మొదలైన వాటినన్నింటినీ కలిపి చెప్పిన ఒక భావన. ఆసుపత్రిలో పరీక్షించే అవయవంతో దానికి ముడిపెట్టరాదు. రంగును బట్టి గుణాన్ని నిర్ణయించడం కవిత్వంలో అలంకారమవుతుంది, రోగి కంచంలో ప్రమాదమవుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు గింజలూ పప్పులూ ఎంత తినాలో తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి గాని రంగును చూచి కాదు.

ఇక గాడిద సంగతి. గావ్‌ఫాంగ్ లేహ్యం గట్టిపడడానికి, రక్తపుష్టికి అని గాడిదతోలును ఉడికించి తీసిన 'ఎజియావ్' అనే జిగురు కలుపుతారు. ఒకప్పుడు కొద్దిమందికే అందిన ఆ వస్తువును నేడు కోట్లమందికి అమ్ముతున్నారు. 1990ల తొలినాళ్ళలో చీనాలో కోటికి పైగా ఉన్న గాడిదలు తరిగి ఇరవై, ముప్ఫై లక్షలకు దిగజారాయి. తరువాత చూపు ఆఫ్రికా మీద పడింది. నీళ్ళు, కట్టెలు మోసే గాడిద పోతే ఆ బరువు పేద స్త్రీ నెత్తికెక్కుతుంది. కడపటికి 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల సమాఖ్య, తోలుకోసం గాడిదలను వధించడాన్ని పదునైదేండ్లు నిషేధించింది. మనం ముక్కున వేలు వేసుకొననక్కరలేదు. మన కోస్తా జిల్లాలలో బలం కోసమని గాడిదమాంసం చాటుగా అమ్ముతూ పట్టుబడ్డ వార్తలు చదివినవారమే. దేశం మొత్తంమీద గాడిదలు 2012 నుంచి 2019 నాటికి 61 శాతం తగ్గి సుమారు 1.24 లక్షలు మిగిలాయి. యంత్రాలు రావడం ప్రధాన కారణమే అయినా, బలం మీది వ్యామోహం కూడా దానికి తోడైనది.

అయితే ఇదంతా మూఢనమ్మకమేనా, పారవేయవలసినదేనా అని మీరు అడుగవచ్చును. కాదని నా సమాధానం. ఒక్క ఉదాహరణ చాలు. ఉప్పు మూత్రపిండానికి సంబంధించిన రుచి అని చెప్పిన ఆ నైజింగ్ గ్రంథమే, ఉప్పు అతిగా తింటే నాళాలలో రక్తం బిగుసుకొంటుందని కూడా హెచ్చరించింది. ఉత్తర చీనాలో కూరగాయలు దొరకని చలికాలమంతా ఉప్పులో ఊరిన కూరలతో గడపడం పాత అలవాటు. ఆ ప్రాంతంలోనే 600 గ్రామాలలో సుమారు 21,000 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. మామూలు ఉప్పుకు బదులు నాలుగోవంతు పొటాషియం లవణం కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం ఆ ఉప్పును వైద్యుని అడగకుండా వాడరాదు. బీదల ఇండ్లలో, వంటగదిలో, చవకగా జరిగిన ఈ మార్పు ఏ జిన్‌సెంగ్ వేరూ చూపని ఫలితాన్ని చూపింది. ప్రాచీనుల పరిశీలనను ఆధునికులు పరీక్షించి నిలిపిన సందర్భమిది. ఇట్లా పరీక్షకు నిలిచినదానిని గౌరవిద్దాం. నిలువనిదానిని చరిత్రగా చదువుకొందాం.

షికాగోలో, టొరంటోలో మంచుకాలం గడిపే మన పిల్లలు అక్కడి చీనా అంగళ్ళలో ఈ మూలికల పొట్లాలు చూచి, పెద్దలకు మంచివేమోనని కొని పంపుతుంటారు. వారి ప్రేమకు సంతోషమే. వారికి నేను చెప్పేది ఇంతే. చీనీయుల నుంచి పొట్లం బదులు పద్ధతి తెచ్చుకోండి. వేడివేడిగా వండినది తినండి, వేళకు పడుకోండి, మంచులో ఎండ కాచినప్పుడు కాసేపు నడవండి, బరువైన వంటకం చేసిననాడు ప్రక్కన ముల్లంగి పులుసు పెట్టుకోండి. మిరియాలు, అల్లం, నెయ్యి వేసిన మన కట్టెపొంగలి, సంక్రాంతి నువ్వులు, సజ్జరొట్టె ఇవి కూడా ఈ కాలపు తిండే. ఎవరి నేలలో పండినది వారి ఒంటికి సరిపడుతుందన్న మాటను చీనా వైద్యుడు కూడా కాదనడు.

మా వయస్సువారికి ఒక మనవి. ఏదైనా 'బలానికి' అని చేతికివ్వగానే నోట వేసికొనవద్దు. నాకు చిరుగు ఎక్కడున్నదని ముందు అడగండి. ఆకలి తగ్గి, బరువు తగ్గి, నీరసపడుతున్నవారికి నిజంగానే చిరుగు ఉన్నట్లు. వారు దానిని లేహ్యంతో కప్పిపుచ్చక, వైద్యునికి చూపించుకొని కారణం తెలుసుకోవాలి. ఏ లోటూ లేనివారికి రాత్రి ఒక ముద్ద తగ్గించడమే పుష్టి. ఇంట్లో తినీతినక బక్కచిక్కిన పనిమనిషో, చలిలో వీధి ఊడ్చే అవ్వయో కంటబడితే, మనకని కొనదలచిన ఆ డబ్బుతో వారికి నాలుగు రోజులు వేడి అన్నమూ పప్పూ పెట్టించవచ్చును. మాసిక అక్కడ అవసరం.

స్వస్తి.